జీబ్రా చేప పిల్లలు బతకాలంటే

జీబ్రా చేపతో గుడ్లు పెట్టించడం కష్టం కాదు. బాగా మేసిన ఆడచేప ఒక్క పొద్దున వంద, రెండు వందల గుడ్లు వదులుతుంది. కష్టమంతా ఆ తర్వాతి పది రోజుల్లోనే. అందుకే గుడ్ల కన్నా ముందు పిల్లల తిండి సిద్ధం చేసుకోవాలి.

గుప్పెడు వరిగడ్డిని లీటరు నీళ్లలో పది నిమిషాలు ఉడికించి చల్లార్చండి. పాత తొట్టి నీళ్లు ఒక కప్పు కలిపి, పలుచటి గుడ్డ కట్టి నీడన పెట్టండి. రెండు రోజులకు నీళ్లు తెల్లగా మసకబారతాయి, అది బ్యాక్టీరియా. ఇంకో రెండు మూడు రోజులకు తేటపడుతున్నప్పుడు సీసాను వెలుతురుకు పట్టి భూతద్దంతో చూస్తే, దుమ్ములా కదిలే తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవే పారమీషియం లాంటి సూక్ష్మజీవులు. కుళ్లు కంపు కొడితే పారబోసి మళ్లీ పెట్టాలి.

వరంగల్ ఎండల్లో ఈ పని పెట్టుకోవద్దు. నీళ్లు 33 డిగ్రీలు దాటినా, 25 కన్నా తగ్గినా గుడ్డులో పిండం సరిగా ఎదగదు. మే నెలలో మేడ మీది ట్యాంకు నీళ్లు ముట్టుకోలేనంత వేడెక్కుతాయి. డిసెంబరు రాత్రుల్లో హీటర్ తప్పదు. వానలు వెనకబట్టాక, చలి ముదరకముందు వచ్చే రోజులు అనువైనవి. బోరు నీళ్లు కాస్త గట్టివైనా ఈ చేప తట్టుకుంటుంది. నల్లా నీళ్లలో మాత్రం క్లోరిన్ ఉంటుంది కాబట్టి వెడల్పు బకెట్లో ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు ఆగాలి.

ఆడచేపకు పొట్ట గుండ్రంగా, వెండి రంగులో ఉంటుంది. మగది సన్నగా, చారల మధ్య పసుపు ఛాయతో ఉంటుంది. నాలుగైదు రోజులు వేరువేరుగా ఉంచి బాగా మేపండి. పది లీటర్ల తొట్టి అడుగున గోలీలు రెండు వరసలు పరిచి, పైన జానెడు నీళ్లు పోసి, సాయంత్రం రెండు ఆడ, మూడు మగ చేపల్ని వదలండి. తెల్లారి వెలుతురు పడగానే గుడ్లు పెడతాయి, పెట్టినవాటిని తామే తింటాయి కూడా. గోలీల సందుల్లోకి జారినవే మనకు మిగిలేవి. గంటా రెండు గంటల్లో పెద్ద చేపల్ని తీసేయాలి. సాయంత్రానికి తెల్లబడ్డ గుడ్లు చెడ్డవి. డ్రాపర్‌తో ఏరేయకపోతే బూజు పక్కవాటికీ పాకుతుంది.

మంచి గుడ్డు గాజులా ఉంటుంది. 28 డిగ్రీల్లో, రెండో రోజుకల్లా లోపల గుండె కొట్టుకోవడం భూతద్దానికి చిక్కుతుంది. ఈ పారదర్శకత వల్ల కూడా జీవశాస్త్రవేత్తలు ఈ చేపను ఎంచుకున్నారు. అమెరికాలో జార్జ్ స్ట్రైసింగర్ 1981లో ప్రచురించిన పని అందుకు దారి వేసింది.

మూడో రోజుకు పొదిగిన పిల్లలు దారప్పోగుల్లా, రెండు నల్ల కళ్లతో గాజుకు అతుక్కుని ఉంటాయి. అప్పుడు తిండి వేయొద్దు, పొట్టలోని సొన చాలు. అయిదో రోజుకల్లా పైకొచ్చి గాలి మింగి, ఈత తిత్తి నింపుకుంటాయి. నీటి మీద జిడ్డు పొర ఉంటే గాలి అందక, ఈదలేక అడుగున పడి చస్తాయి. చాలామంది దీన్ని రోగమనుకుంటారు. కాగితాన్ని నీటి మీద పరిచి లాగితే ఆ పొర వచ్చేస్తుంది.

ఈత మొదలైన రోజు నుంచి గడ్డి నీళ్లు పూటకు రెండు మూడు చెంచాలు వేయండి. ఉడికిన గుడ్డు సొన వాడేవాళ్లున్నారు గానీ, రవ్వంత ఎక్కువైనా నీళ్లు చెడి ఒక్క రాత్రిలో అన్నీ పోతాయి. పదో రోజు దాటాక ఆర్టీమియా (ఉప్పునీటిలో బతికే చిన్న రొయ్యలాంటి జీవి) పిల్లలు పెట్టొచ్చు: లీటరు నీళ్లకు 25 గ్రాముల దొడ్డుప్పు, అర చెంచా ఆర్టీమియా గుడ్లు, ఆగకుండా గాలి; ఒకటిన్నర రోజుకు పొదుగుతాయి. వడగట్టి, మంచినీళ్లతో కడిగి వేయాలి. చేపపిల్ల పొట్ట నారింజ రంగుకు తిరిగితే తిన్నట్టే.