ఎవరితో తలపడాలో బాక్సర్ చేతిలో లేదు: ప్రమోటర్ల పెత్తనం ఎక్కడి నుంచి వచ్చింది?

నిజామాబాద్ నుంచి వచ్చిన నిఖత్ జరీన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌కి వెళ్తే ప్రత్యర్థి ఎవరన్నది డ్రాలో తేలిపోతుంది. గెలిస్తే తర్వాతి రౌండు, ఓడితే ఇంటికి. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఈ పద్ధతి లేదు. అక్కడ లీగ్ లేదు, షెడ్యూల్ లేదు, ఎవరు ఎవరితో ఎప్పుడు ఎంత డబ్బుకి తలపడాలో ప్రమోటర్లు, వాళ్ల దగ్గర జోడీలు కుదిర్చే మ్యాచ్‌మేకర్లు, టీవీ వాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు. బాక్సర్‌కి చాలాసార్లు చివర్లో ఫోన్ వస్తుంది.

ఈ విషయం ఇప్పుడు మళ్లీ ఎందుకు తెరమీదికి వచ్చిందంటే, బాక్సర్లను ప్రమోటర్ల నుంచి కాపాడటానికి అమెరికా 2000లో ముహమ్మద్ అలీ పేరుతో ఒక చట్టం చేసింది, దాన్ని సవరించే బిల్లు 2025లో అమెరికా కాంగ్రెస్ ముందుకు వచ్చింది. అసలు ఆ చట్టం ఎందుకు పుట్టిందో తెలియకపోతే ఈ గొడవ అర్థం కాదు.

ముందు ఒక్క సంగతి. ప్రమోటర్ అంటే షో పెట్టేవాడు: హాలు తీసుకుని, టీవీ హక్కులు అమ్మి, బాక్సర్‌కి డబ్బు ఇచ్చేవాడు. మేనేజర్ బాక్సర్ తరఫున ఆ ప్రమోటర్‌తో బేరమాడేవాడు, సంపాదనలో వాటా తీసుకుంటాడు. బాక్సర్‌కి ఎంత తక్కువ ఇస్తే ప్రమోటర్‌కి అంత మిగులుతుంది. కాబట్టి ఈ ఇద్దరూ ఒక్కటైతే బాక్సర్ పని అయిపోయినట్టే. బాక్సింగ్ చరిత్రలో జరిగిన ఘోరాల్లో సగం ఇక్కడే మొదలయ్యాయి.

1949లో హెవీవెయిట్ చాంపియన్ జో లూయిస్ రిటైరవుతుంటే జేమ్స్ నోరిస్, ఆర్థర్ విర్ట్జ్ కలిసి ఇంటర్నేషనల్ బాక్సింగ్ క్లబ్ పెట్టారు. న్యూయార్క్, షికాగో, డెట్రాయిట్‌లలో పెద్ద హాళ్లు వాళ్ల చేతిలో ఉన్నాయి, టీవీ కూడా వాళ్లదే. వాళ్లకి సంతకం పెట్టకపోతే టైటిల్ ఫైట్ మీద ఆశ వదులుకోవాల్సిందే. తెర వెనుక ఫ్రాంకీ కార్బో అనే మాఫియా మనిషి ఎందరో బాక్సర్లకి రహస్య మేనేజర్‌గా ఉండేవాడు. అమెరికా సుప్రీంకోర్టు 1959లో ఈ గుత్తాధిపత్యాన్ని రద్దు చేయాలన్న తీర్పును ఖాయం చేసింది, 1961లో కార్బోకి 25 ఏళ్ల శిక్ష పడింది.

కార్బో గుంపు పెత్తనం ఎలా ఉండేదో తెలియాలంటే జేక్ లామోటా సంగతి చాలు. మిడిల్‌వెయిట్ అనే బరువు విభాగంలో అతనంటే అందరికీ హడల్, అయినా ఏళ్లు గడిచినా టైటిల్ చాన్స్ ఇవ్వలేదు. 1947 నవంబర్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బిల్లీ ఫాక్స్ చేతిలో నాలుగో రౌండులో ఓడిపోయాడు. చూసినవాళ్లకి అప్పుడే అనుమానం వచ్చింది. 1960లో సెనేట్ కమిటీ ముందు తనే ఒప్పుకున్నాడు, టైటిల్ చాన్స్ కోసం కావాలనే ఓడిపోయానని. 1949లో ఆ చాన్స్ వచ్చింది, మార్సెల్ సెర్డాన్‌ని ఓడించి చాంపియన్ అయ్యాడు. చాంపియన్ అవ్వాలంటే ముందు ఓడి చూపించాలి, అప్పటి వ్యవస్థ అది.

మాఫియా పోయాక వ్యవస్థ బాగుపడిందా అంటే, మనుషులు మారారు, పట్టు మాత్రం అలాగే ఉంది. మార్విన్ హాగ్లర్‌కి టైటిల్ ఫైట్ ఇప్పించడానికి 1979లో టిప్ ఓనీల్, ఎడ్వర్డ్ కెనడీ లాంటి పెద్ద రాజకీయ నాయకులు ఒత్తిడి తేవాల్సి వచ్చింది. అంత మంచి బాక్సర్‌కే ఆ పరిస్థితి.

అప్పటికి రంగంలో ఇద్దరు పెద్దవాళ్లున్నారు, లాయర్‌గా ఉండి ప్రమోటర్ అయిన బాబ్ ఆరమ్, డాన్ కింగ్. 1974లో ఆఫ్రికాలోని కిన్షాసాలో అలీ, ఫోర్మన్ ఫైట్‌కి చెరో 50 లక్షల డాలర్లు ఇప్పించి కింగ్ పేరు మార్మోగించుకున్నాడు. ఆ ఘనత కాదనలేనిది. కానీ ఆయన బాక్సర్లలో చాలామందికి మేనేజర్ ఎవరంటే, ఆయన సవతి కొడుకు కార్ల్ కింగ్. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటారు?

'ఆప్షన్' అనే ఆయుధం కూడా అప్పుడే బాగా పదునెక్కింది. నా చాంపియన్‌తో తలపడే చాన్స్ కావాలా, అయితే నువ్వు గెలిస్తే నీ తర్వాతి ఫైట్ల హక్కులు నావే అని సంతకం పెట్టు, అంతే. ఎవరు గెలిచినా చాంపియన్ ఆ ప్రమోటర్ చేతిలోనే ఉంటాడు. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ మైక్ టైసన్‌ని నాకౌట్ చేశాడు. ఇద్దరూ కింగ్ బాక్సర్లే. కానీ ఎక్కువ డబ్బు తెచ్చేవాడు టైసన్ కాబట్టి, ఎనిమిదో రౌండులో డగ్లస్ పడిపోయినప్పుడు రిఫరీ లెక్క నెమ్మదిగా సాగిందంటూ ఫలితాన్నే తిరగరాయించాలని కింగ్ ప్రయత్నించాడు. జనం మండిపడితే ఆ ప్రయత్నం వీగిపోయింది.

అన్నిటికన్నా బాధ పెట్టేది అలీ సంగతి. 1980 అక్టోబర్‌లో లారీ హోమ్స్‌తో ఫైట్‌కి 80 లక్షల డాలర్లని ఒప్పందం. అప్పటికే అలీ ఒంట్లో సత్తువ లేదు, ఆ ఫైట్ జరగకుండా ఉండాల్సింది. దెబ్బలు తిన్నాక కింగ్ దాదాపు 12 లక్షలు తగ్గించి ఇచ్చాడు. అలీ కేసు వేశాడు. అప్పుడు కింగ్ అలీకి నమ్మకమైన ఒక పాత స్నేహితుడి చేతికి 50 వేల డాలర్ల నగదు ఇచ్చి పంపాడు, అలీ ఆ నోట్లు తీసుకుని కేసు వదులుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టేశాడు. ఆ మాట తెలిసి అతని లాయర్ ఏడ్చాడంటారు. చట్టానికి అలీ పేరు పెట్టడం ఊరికే కాదు.

2000 మే నెలలో క్లింటన్ సంతకం చేసిన ఆ చట్టం వెనుక సెనేటర్ జాన్ మెకెయిన్ పట్టుదల ఉంది. ప్రమోటర్ మేనేజర్‌గా ఉండకూడదు, ఆ బాక్సర్ మేనేజర్ వ్యాపారంలో వాటా ఉండకూడదు. బలవంతపు ఆప్షన్లు 12 నెలలు దాటకూడదు. ఒక ఫైట్ మీద తనకెంత వస్తోందో ప్రమోటర్ బాక్సర్‌కి చెప్పాలి. ఈ చివరిది చాలా పెద్ద విషయం, ఎందుకంటే అవతలివాడి లెక్క తెలియకుండా బేరం ఎలా ఆడతారు? అమలు మాత్రం అంతంతే, ఎక్కువసార్లు బాక్సరే సొంత ఖర్చుతో కోర్టుకెక్కాలి.

ఇక మ్యాచ్‌మేకింగ్. ఇది నిజంగా నేర్పుతో చేసే పని, దీన్ని మొత్తంగా మోసం అనడం తప్పు. కొత్త కుర్రాడికి మొదట్లో గట్టి దెబ్బ కొట్టలేని వాళ్లని, తర్వాత పొడుగువాడిని, ఎడమచేతి వాటం వాడిని, చివరి రౌండు దాకా నిలబడేవాడిని వరసగా ఇస్తూ పెంచుతారు. ఆరమ్ సంస్థ 'టాప్ ర్యాంక్'లో మ్యాచ్‌మేకర్ బ్రూస్ ట్రాంప్లర్ ఇలాగే డి లా హోయాని, మేవెదర్‌ని తీర్చిదిద్దాడు. కానీ ఒకరి రికార్డు మెరవాలంటే ఇంకొకరు ఓడాలి కదా! బర్మింగ్‌హామ్‌కి చెందిన పీటర్ బక్లీ 300 ఫైట్లు ఆడి 256 ఓడాడు. అంత ఓడాడని చిన్నచూపు చూస్తారు గానీ, తనను తాను కాపాడుకుంటూ, కుర్రాళ్లకి పాఠం నేర్పుతూ అన్నేళ్లు రింగులో నిలవడం మాటలు కాదు. బ్రిటన్ చిన్న హాళ్లలో స్థానిక కుర్రాడే బంధువులకి, దోస్తులకి టిక్కెట్లు అమ్మాలి, ఎదుటివాడి ఫీజు అందులోంచే వస్తుంది. టిక్కెట్లు అమ్మలేని మంచి బాక్సర్‌కి ఫైట్లే దొరకవు. విజేందర్ సింగ్‌ని కూడా 2015 నుంచి ఈ పద్ధతిలోనే నిలబెట్టారు, 12 గెలుపుల తర్వాత 2021లో గోవాలో మొదటిసారి ఓడాడు.

పైస్థాయిలో జబ్బు వేరు. ఇద్దరు మేటి బాక్సర్లు వేర్వేరు ప్రమోటర్ల దగ్గర, వేర్వేరు చానళ్లలో ఉంటే ఫైట్ కుదరదు. మేవెదర్, పాకియావ్ ఫైట్ మాటలు 2009లో మొదలైతే రింగులోకి దిగింది 2015 మేలో, ఇద్దరికీ మంచి వయసు దాటిపోయాక. స్పెన్స్, క్రాఫర్డ్ ఫైట్ కోసం అభిమానులు 2023 దాకా ఎదురుచూశారు.

సౌదీ డబ్బు వచ్చింది ఈ సందులోంచే. ఏళ్లుగా కుదరనివాళ్లని కూర్చోబెట్టి 2024 మేలో ఫ్యూరీ, ఉసిక్ ఫైట్ లాంటివి జరిపించారు, అభిమానిగా సంతోషించాను, ఆ మాట దాచను. 2025లో, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలు నడిపే యూఎఫ్‌సీకి యజమాని అయిన టీకేఓ కంపెనీ, సౌదీ వాళ్లతో కలిసి కొత్త బాక్సింగ్ సంస్థ ప్రకటించింది. అదే ఏడాది వచ్చిన బిల్లులో అసలు మెలిక ఇదీ: ఒకే సంస్థ షోలూ పెట్టొచ్చు, ర్యాంకులూ ఇవ్వొచ్చు, చాంపియన్ బెల్టులూ ఇవ్వొచ్చు. దీంతో ఫైట్లు త్వరగా కుదురుతాయని, కనీస వేతనం, ఇన్సూరెన్స్ మెరుగవుతాయని సమర్థించేవాళ్లు అంటున్నారు. అందులో కొంత నిజముంది. అయితే ర్యాంకు ఇచ్చేవాడు, డబ్బు ఇచ్చేవాడు ఒకడే అయినప్పుడు, నాకింకా ఎక్కువ రావాలి అని అడిగిన బాక్సర్‌ని ర్యాంకుల్లో కిందికి నెట్టకుండా ఆపేది ఎవరన్న ప్రశ్నకి మాత్రం నాకు ఇంతవరకు సరైన జవాబు కనబడలేదు.