పిల్లి రాకముందే వేసుకోవలసిన పద్దు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

పిల్లిని పెంచుకోవడానికి ఇంట్లో ఒప్పుకున్నారని మీరు రాసిన ఉత్తరం, దానితోపాటు కొనవలసిన వస్తువుల పట్టీ అందాయి. పట్టీలో మెత్తని పరుపు, మెడపట్టీ, రంగురంగుల ఆటవస్తువులు ముందు వరుసలో ఉన్నాయి. పశువైద్యుడి ఫీజు మాత్రం ఎక్కడా కనిపించలేదు. పిల్లి ఉచితంగానే వచ్చినా వైద్యం ఉచితంగా రాదు కనుక, పద్దును అక్కడి నుంచే మొదలుపెట్టండి. కూనలకు సాధారణంగా 6 నుంచి 8 వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి, 16 వారాలు నిండేవరకు మూడు నాలుగు వారాలకొకసారి వేస్తారు కాబట్టి, ఆ ఖర్చు ఒక్కసారితో తీరేది కాదు. నులిపురుగుల మందు, తరువాత పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వీటికి ఎంతవుతుందో ముందే అడిగి రాసుకుని, మిగిలిన డబ్బుతోనే వస్తువుల సంగతి ఆలోచించండి.

వస్తువుల్లో మొదటిది లిట్టర్ ట్రే, అంటే పిల్లి మలమూత్రాలకు ఇంట్లో పెట్టే తొట్టి. కూన చిన్నదే కదా అని చిన్న ట్రే కొంటే కొద్ది నెలలకే మళ్లీ కొనవలసి వస్తుంది. ఎదిగిన పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండి, కూన సులువుగా దిగడానికి ఒక వైపు అంచు తక్కువగా ఉన్నది చూడండి. అంగట్లో దొరికే ట్రేనే కావాలని లేదు; వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టికి పెద్దల చేత ఒక వైపు కోయించి, కోసిన అంచును నున్నగా రుద్దిస్తే సరిపోతుంది. ఆ ట్రేలో పోసే, తడిని పీల్చే పొడినే లిట్టర్ అంటారు; సువాసన కలిపిన లిట్టర్ మన ముక్కుకు బాగుంటుంది గాని చాలా పిల్లులకు గిట్టదు, గిట్టకపోతే అవి ఇంట్లో మరో మూలను ఎంచుకుంటాయి. మరీ చిన్న కూన దాన్ని నోట్లో పెట్టుకుంటుంది కనుక తడికి గడ్డకట్టే రకం అప్పుడే వద్దు. ఏ రకమైనా మొదట చిన్న సంచే కొనండి.

ఆహారానికీ అదే మాట. ఇంతవరకు అది తింటున్నదే కొని, మార్చాలనుకుంటే వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా కొత్తది కలుపుతూ మార్చాలి. కుక్కల ఆహారం చవకగా దొరికినా పెట్టకండి. పిల్లి శరీరం టారిన్ అనే పోషకాన్ని చాలినంత తయారు చేసుకోలేదు, అది ఆహారంలో లేకపోతే కాలక్రమంలో చూపు, గుండె దెబ్బతింటాయి.

పిల్లిని తీసుకువెళ్లే పెట్టె విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. పైమూత ఊడివచ్చే గట్టి పెట్టె అయితే, బెదిరిన పిల్లిని బయటికి లాగకుండా అందులో ఉండగానే వైద్యుడు పరీక్షించవచ్చు. గోళ్లు గీరుకునే స్తంభం కూడా ఒళ్లు విరుచుకునేంత ఎత్తుగా, కదలకుండా ఉండాలి. ఊగే స్తంభాన్ని పిల్లి ఒకసారి పట్టుకుని చూసి, నేరుగా సోఫా దగ్గరికి పోతుంది.

పట్టీలోంచి పరుపును కొట్టివేయండి, అట్టపెట్టెలో పాత దుప్పటి చాలు. ఆటకు కాగితపు ఉండలు చాలు. దారాలు, రిబ్బన్లు మాత్రం అందనివ్వకండి, మింగితే పేగులు ముడుచుకుపోయి ఆపరేషన్ దాకా వస్తుంది.

చివరగా, కొంత సొమ్ము విడిగా ఉంచి, దేనికీ ముట్టుకోకండి. మగ పిల్లి ట్రేలో పదేపదే కూర్చుని ముక్కుతున్నా మూత్రం రాకపోతే అది ప్రాణం మీదికి వచ్చినట్లే; తెల్లవారేదాకా ఆగకుండా, డబ్బు కోసం తడుముకోకుండా, ఆ రాత్రే వైద్యుడి దగ్గరికి బయలుదేరాలి.

ఇట్లు,
మీ తాతయ్య