వీధి నల్లా, ఇంటి నల్లా: ఆఫీసుకు వైరా, వైఫైయా?

హిమాయత్‌నగర్‌లోని ఒక పాత అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో నా మిత్రుడొకరు ఆడిట్ ఆఫీసు నడుపుతున్నారు. పద్నాలుగు మంది ఉద్యోగులు, మూడు గదులు, ఒక హాలు. ప్రతి నెలా 20వ తేదీ జీఎస్టీ రిటర్నుకు గడువు కాబట్టి 17, 18 తేదీల నుంచే అక్కడ ఊపిరి సలపని పని ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే లెక్కల సాఫ్ట్‌వేర్ మొరాయించేది. ఒక లెడ్జర్ తెరుచుకోవడానికి నిమిషం పట్టేది. మధ్యలో కనెక్షన్ తెగిపోయి, చేసిన ఎంట్రీలు మళ్లీ చేయాల్సి వచ్చేది. ఆయన ఇంటర్నెట్ ప్లాన్‌ను రెట్టింపు వేగానికి మార్పించుకున్నారు. బిల్లు పెరిగింది గానీ పని కదల్లేదు. "సిగ్నల్ గీతలు నిండుగానే కనబడుతున్నాయి కదన్నా, మరి లోపం ఎక్కడుంది?" అని నన్ను పిలిచి అడిగారు.

లోపం ఇంటర్నెట్‌లో లేదు. ఆ లెక్కల ఫైళ్లన్నీ పక్క గదిలో ఉన్న కంప్యూటరులోనే ఉన్నాయి. హాలులో కూర్చున్న ఉద్యోగి లెడ్జర్ తెరిచినప్పుడు సమాచారం గోడకు అటు నుంచి ఇటు వస్తుందే తప్ప వీధి దాటి ఎక్కడికీ పోదు. బయటి లైను ఎంత పెద్దదైనా ఆ ప్రయాణానికి ఒరిగేదేమీ లేదు. ఆఫీసులో వైరు వేయాలా, వైఫై సరిపోతుందా అని ఆలోచించేవారు ముందుగా ఈ రెండింటినీ విడదీసి చూడాలి: ఆఫీసు లోపల కంప్యూటర్ల మధ్య జరిగే రాకపోకలు ఒకటి, ఆఫీసు నుంచి బయటి ప్రపంచానికి జరిగే రాకపోకలు మరొకటి.

హైదరాబాదు బస్తీల్లో పెరిగినవారికి వీధి నల్లా గురించి చెప్పనక్కర్లేదు. నీళ్లు ఎంత జోరుగా వస్తున్నా ఒక్కసారికి ఒక్క బిందె మాత్రమే నిండుతుంది, మిగతావన్నీ వరుసలో ఉంటాయి. వైఫై పనితీరు దాదాపు ఇదే. ఒక యాక్సెస్ పాయింట్ (వైఫై సంకేతాలను పంపి, అందుకునే పెట్టె), దాన్ని అంటిపెట్టుకున్న పాతిక పరికరాలు, అన్నిటికీ కలిపి ఒకే చానెల్, అంటే గాలిలో ఒకే రేడియో దారి. అందులో ఒక క్షణాన ఒకరే మాట్లాడాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా చెడిపోతుంది. 2021లో ప్రమాణంగా వెలువడిన వైఫై 6లో ఒకే ధారను చీల్చి చిన్న చిన్న చెంబులను ఒకేసారి నింపే ఏర్పాటు చేశారు. అది మేలే గానీ, దానితో నల్లాలు రెండు కావు. ఇక వరుసలో మూతి సన్నని బిందె ఒకటి ఉంటే అందరికీ ఆలస్యమే. యాక్సెస్ పాయింట్‌కు దూరంగా, రెండు గోడల అవతల ఉన్న పాత ల్యాప్‌టాప్ అటువంటి బిందె. సిగ్నల్ బలహీనంగా ఉన్నందువల్ల అది నెమ్మదిగా మాట్లాడుతుంది, అదే సమాచారానికి గాలిలో ఎక్కువ సేపు చోటు ఆక్రమిస్తుంది. అంతసేపూ దగ్గర ఉన్న కొత్త ల్యాప్‌టాప్ కూడా ఆగవలసిందే.

తీగ మీద ఈ గొడవ ఎందుకు లేదు? నిజానికి మొదట్లో ఉండేది. ఇంకా చిత్రమేమిటంటే, తీగల నెట్‌వర్క్ పుట్టిందే రేడియో నెట్‌వర్క్ నుంచి. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ ఏబ్రమ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియో ద్వారా కలిపే అలోహానెట్‌ను 1971లో నడిపించింది. దాని పద్ధతి చాలా సులువు: చెప్పాల్సింది ఉంటే చెప్పేయడం, ఎవరి మాటతోనైనా ఢీకొంటే కాసేపు ఆగి మళ్లీ చెప్పడం. ఇలా చేస్తే చానెల్ సామర్థ్యంలో గరిష్ఠంగా 18 శాతమే అక్కరకు వస్తుందని లెక్క తేలింది. ఆ పనిని చదివిన రాబర్ట్ మెట్కాఫ్ 1973లో జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో అదే ఆలోచనను మెరుగుపరిచి ఒక లావుపాటి కేబుల్ మీదికి తెచ్చారు. కాంతి ప్రయాణించడానికి ఆకాశమంతా ఏదో మాధ్యమం నిండి ఉంటుందని ఒకనాటి శాస్త్రజ్ఞులు ఊహించి దానికి ఈథర్ అని పేరు పెట్టారు. మెట్కాఫ్ తన నెట్‌వర్క్‌కు ఆ పేరే తీసుకుని ఈథర్నెట్ అన్నారు. ఆ తొలి ఈథర్నెట్‌లో అందరికీ కేబుల్ ఒక్కటే, అంటే అదీ వీధి నల్లానే. తరువాత స్విచ్ అనే పెట్టె వచ్చి ప్రతి కంప్యూటరుకూ విడిగా ఒక తీగ దక్కింది, ఆ తీగలోనూ పోయే దారి, వచ్చే దారి వేరయ్యాయి. ఇంటింటికీ నల్లా కనెక్షన్ వచ్చినట్టే. తీగలు ఎన్నయినా లాగవచ్చు కాబట్టి ఇది సాధ్యమైంది. గాలిని అలా పాయలుగా తీసి పంచిపెట్టడం కుదరదు.

రేడియోకు మరో చిక్కు ఉంది, నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది. యాక్సెస్ పాయింట్ నుంచి సుమారు 100 మిల్లీవాట్ల శక్తి బయలుదేరిందనుకుందాం. గదులు దాటి ల్యాప్‌టాప్‌ను చేరేసరికి మైనస్ 67 డీబీఎం (రేడియో శక్తిని చెప్పే కొలమానం) ఉంటే నెట్‌వర్క్ వేసేవారు "బాగుంది" అంటారు. ఆ అంకెను విప్పి చూస్తే, బయలుదేరిన శక్తిలో చేరింది సుమారు 50 కోట్లలో ఒక వంతు! ఇంత సన్నని గుసగుసను వినవలసిన రేడియో, తాను మాట్లాడుతున్నంతసేపూ తన గొంతు హోరులో పక్కవారి మాట వినలేదు. అందుకే ఢీకొనడాన్ని అది అప్పటికప్పుడు పసిగట్టలేదు. మాట్లాడే ముందు చెవి ఒగ్గి వింటుంది, నిశ్శబ్దంగా ఉంటే యాదృచ్ఛికంగా మరికొంత ఆగుతుంది, ఆపైన పంపుతుంది, అందినట్టు అవతలి నుంచి రసీదు వచ్చేదాకా నిర్ధారించుకోదు, రాకపోతే మళ్లీ పంపుతుంది. ఈ మర్యాదలన్నిటికీ కాలం ఖర్చవుతుంది. హాలుకు ఈ చివర ఒకరు, ఆ చివర గదిలో ఒకరు ఉండి ఇద్దరూ యాక్సెస్ పాయింట్‌కు వినబడుతూ ఒకరికొకరు వినబడకపోతే ఆ మర్యాద కూడా పనిచేయదు. నా మిత్రుడు చూపించిన గీతలు యాక్సెస్ పాయింట్ గొంతు ఎంత గట్టిగా వినబడుతున్నదో చెబుతాయి. వరుసలో ఎన్ని బిందెలున్నాయో చెప్పవు.

లెక్కల సాఫ్ట్‌వేర్‌ను దెబ్బతీసింది ఈ కాలహరణమే. అటువంటి సాఫ్ట్‌వేర్ పెద్ద ఫైలును ఒక్క ఊపున తెచ్చుకోదు. ఈ ముక్క ఇవ్వు, అది అందాక ఆ ముక్క ఇవ్వు అని వేల చిన్న చిన్న అభ్యర్థనలు ఒకదాని వెనుక ఒకటి పంపుతుంది. ఒక పనికి అలాంటివి 10,000 అవసరమయ్యాయనుకోండి. తీగ మీద ఒక్కొక్కటి వెళ్లి రావడానికి అర మిల్లీసెకను పడితే మొత్తం 5 సెకన్లు. వైఫై మీద 5 మిల్లీసెకన్లు పడితే 50 సెకన్లు. రద్దీ వేళ 5 కాస్తా 20 అయితే మూడు నిమిషాలు దాటుతుంది. ఇందులో ఎక్కడా మెగాబిట్ల, అంటే ప్లాన్ వేగాన్ని చెప్పే అంకెల, ప్రస్తావన రాలేదని గమనించగలరు. సినిమా చూసేవారికి ధార లావు ముఖ్యం. లెడ్జర్ తెరిచేవారికి, ఫోన్ కాల్ మాట్లాడేవారికి వెళ్లి రావడానికి పట్టే సమయం, అది ప్రతిసారీ ఒకేలా ఉండటం ముఖ్యం.

పెట్టె మీద అచ్చేసిన అంకెల గురించి ఎక్కువ చెప్పను. రౌటరు మీద 1200 అని ఉంటే, 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో 300, 5 గిగాహెర్ట్జ్ పట్టీలో 867 మెగాబిట్లను కూడి, పైకి సవరించి రాసుకున్న అంకె అది. ఏ ఒక్క ల్యాప్‌టాప్‌కూ ఆ మొత్తం దక్కదు, దక్కేదానిలోనూ మర్యాదల ఖర్చు పోగా మిగిలేది సగానికి కాస్త అటూ ఇటూ. గిగాబిట్ అని రాసిన తీగ మీద మాత్రం 940 మెగాబిట్ల దాకా నిజంగానే వస్తుంది.

గోడల సంగతి హైదరాబాదులో పేటకో తీరుగా ఉంటుంది. సికింద్రాబాదులోని పాత బంగళాల మందపాటి రాతి గోడల వెనుక 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఆశలు వదులుకోవలసిందే. హైటెక్ సిటీ అద్దాల భవనాల్లో ఎండను తిప్పికొట్టడానికి అద్దానికి వేసే సన్నని లోహపు పూత రేడియో తరంగాలను కూడా తిప్పికొడుతుంది, పక్క భవనపు వైఫై లోపలికి రాకుండా అది ఒక విధంగా ఉపకారమే. హిమాయత్‌నగర్ అపార్ట్‌మెంటులో పరిస్థితి దీనికి తలకిందులు. పలుచని ఇటుక గోడల మీదుగా పైవారివి, కిందివారివి, ఎదురు బిల్డింగువి కలిపి నా ఫోనులో ముప్పైకి పైగా వైఫై పేర్లు కనబడ్డాయి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ మన దేశంలో 2005 నుంచి లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోదగ్గది, అందులో ఒకదానితో ఒకటి కలవని చానెళ్లు మూడే: 1, 6, 11. ముప్పై ఇళ్లు మూడు నల్లాల దగ్గర చేరితే ఏమవుతుందో ఊహించవచ్చు. పైగా మా మిత్రుని రౌటరు ఇనుప బీరువా వెనుక, గోడ మూలన ఉంది. ఎవరికీ అడ్డు రాకూడదని అక్కడ పెట్టారట.

తీగ వేయాలని నిర్ణయించాక పని తేలికని నేననను. లాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున మెలిపెట్టి నాలుగు జతలుగా ఉంటాయి. మెలిక అలంకారం కాదు. పక్కనున్న కరెంటు వైరు నుంచి వచ్చే అలజడి మెలిపెట్టిన రెండు తీగల మీదా సమానంగా పడుతుంది, అవతలి కొస రెండింటి తేడాను మాత్రమే చదువుతుంది కాబట్టి అలజడి కొట్టుకుపోతుంది. టెలిఫోను తీగలకు ఈ కిటుకు మీద గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు పొందారు. చాలా ఏళ్ల కిందట నేను మొదటిసారి కేబుల్ క్రింప్ చేసినప్పుడు, అంటే కొసకు కనెక్టరు బిగించినప్పుడు, జత పక్కన జత ఉండటమే న్యాయమనుకుని నాలుగు జతలనూ వరుసగా పేర్చాను. టెస్టరులో ఎనిమిది దీపాలూ వరుస తప్పకుండా వెలిగాయి. కంప్యూటరు మాత్రం క్షణానికోసారి లింకు వదిలేసేది. ఒక పూటంతా స్విచ్‌ను అనుమానించాక తెలిసింది: ప్రమాణం ప్రకారం ఆకుపచ్చ జతలో ఒక తీగ 3వ స్థానంలో, రెండోది 6వ స్థానంలో ఉండాలి, మధ్యలో నీలం జత దూరాలి. నా వరుసలో 3, 6 స్థానాలకు వేర్వేరు జతల తీగలు పడ్డాయి. కరెంటు పారుతోంది కనుక టెస్టరుకు తప్పు దొరకలేదు. మెలిక తోడు లేదు కనుక సంకేతం చెడిపోయింది. కొసలో మెలిక విప్పడం కూడా అర అంగుళం మించకూడదు.

కేబుల్ కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త చాలు. బ్లేడుతో తీగను గీకి చూడాలి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే రాగి పూత పూసిన అల్యూమినియం. చవక గదా అని రెండోది తీసుకుంటే నిరోధం ఎక్కువై వేడెక్కుతుంది, కొసల దగ్గర విరుగుతుంది.

ఇంత చెప్పాక వైఫైని తీసేయమన్నానని అనుకోవచ్చు. అలా అనలేదు. ఫోన్లకు తీగ పెట్టలేము, క్లయింటు ముందు ల్యాప్‌టాప్ తెరిచి మాట్లాడే భాగస్వామిని బల్లకు కట్టేయలేము. నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఉన్నచోటు నుంచి కదలని ప్రతిదానికీ తీగ, కదిలేవాటికి గాలి. సర్వరు, ప్రింటరు, సీసీ కెమెరాలు, ఎంట్రీలు చేసే డెస్క్‌టాప్‌లు తీగ మీదికి వెళ్తే వీధి నల్లా దగ్గర రద్దీ తగ్గి, మిగిలిన నాలుగు ఫోన్లకు వైఫై తనంతట తానే బాగుపడుతుంది. మంచి వైఫైకి కూడా పునాది తీగే. పైకప్పుకు బిగించే యాక్సెస్ పాయింట్‌కు స్విచ్ నుంచి ఒక కేబుల్ వెళ్లాలి. అదే కేబుల్ కరెంటును కూడా మోసుకుపోతుంది. 2003 నాటి ప్రమాణంలో ఇలా 15.4 వాట్లు పంపగలిగేవారు, 2018 ప్రమాణం దాన్ని 90 వాట్ల దాకా పెంచింది. స్విచ్‌ను యూపీఎస్ మీద పెడితే కరెంటు పోయినా యాక్సెస్ పాయింట్ ఆగదు. ఇక భద్రత విషయంలో తీగ వేశాం కదా అని నిశ్చింతగా ఉండటం పొరపాటు. వెయిటింగ్ హాలులో ఎవరూ వాడని గోడ సాకెట్టు ఒకటి స్విచ్‌కు తగిలించి ఉంటే, అది సంకేతపదం లేని వైఫైతో సమానం.

మిత్రుని ఆఫీసులో ఇంటి యజమాని గోడలు తొలచనివ్వలేదు. గోడ అడుగున ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ కొట్టించి, కరెంటు వైర్లకు జానెడు ఎడంగా క్యాట్ 6 రకం లాన్ కేబుల్ పదకొండు చోట్లకు లాగాం. అతి దూరమైన బల్ల కూడా 30 మీటర్ల లోపే, ప్రమాణం అనుమతించేది 100. బీరువా వెనుక రౌటరులో వైఫై ఆపేసి, హాలు పైకప్పు నడిమధ్యన ఒక యాక్సెస్ పాయింట్ బిగించి 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాం. పట్టీ మూత వేసేముందు ఎలక్ట్రీషియన్ అందులో ఒక నైలాన్ తాడు పరిచి రెండు కొసలూ బయట వదిలాడు. "రేపు ఇంకో టేబుల్ వేస్తే ఈ తాడుకే కేబుల్ కట్టి గుంజుకోవచ్చు సార్" అన్నాడు.