లారిన్ హిల్ ఆల్బమ్: ర్యాప్‌కి పాట అతికిస్తే సోల్ అయిపోదు

నేను పాటలు మిక్స్ చేస్తాను, అంటే విడిగా రికార్డయిన గొంతునీ వాయిద్యాలనీ సరిపాళ్లలో కలుపుతాను. ర్యాప్ ట్రాక్ తెచ్చి "అన్నా, కొంచెం సోల్ టచ్ ఇవ్వు" (సోల్ అంటే నల్లజాతి అమెరికన్ల చర్చి పాటల నుంచి పుట్టిన, గుండె లోతుల్లోంచి పాడే పాట) అనే కుర్రాళ్లు ఎక్కువగా చూపించేది అమెరికన్ గాయని, ర్యాపర్ లారిన్ హిల్ 1998 ఆగస్టులో తెచ్చిన 'ద మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్'నే. చాలా గొప్ప ఆల్బమ్. అయితే దాని గురించి చెప్పుకునేవాటిలో సగం తప్పులే.

అపోహ: వెర్స్ (చరణం) ర్యాప్ చేసి, హుక్ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి) ఎవరితోనైనా పాడిస్తే చాలు, సోల్ వచ్చేస్తుంది.

ఈ ఆల్బమ్‌లోని 'ఎక్స్-ఫ్యాక్టర్' పాట వినండి. అందులో ర్యాప్ లేనే లేదు, అయినా అది నిఖార్సైన హిప్-హాప్, అంటే ర్యాప్, బీట్, శాంపిళ్ల చుట్టూ అల్లుకున్న సంగీతం. ఎందుకంటే సోల్ గాయని గ్లాడిస్ నైట్ గొంతులోని ఒక పాత సోల్ ముక్కని ఊ-టాంగ్ క్లాన్ అనే ర్యాప్ బృందం 1993లో శాంపిల్ చేసింది (పాత రికార్డులోని ముక్కని కోసి తన పాటలో వాడుకుంది), ఆ ఊ-టాంగ్ పాటని పట్టుకుని లారిన్ మళ్లీ సోల్ పాట కట్టింది. అంటే సోల్, హిప్-హాప్ ఎప్పటి నుంచో చుట్టాలే, ఆమె కొత్తగా కలిపిందేమీ లేదు, ఉన్న బంధుత్వాన్ని బయటపెట్టింది. 'డూ వాప్' పాటలో ఆమె ర్యాప్ చేస్తుంది, పాడుతుంది, కానీ పాట అందుకోగానే డ్రమ్స్ మెత్తబడవు, అదే దెబ్బ అలాగే నడుస్తుంది. మనవాళ్లేమో హుక్ రాగానే కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ) తగ్గించి రివర్బ్ (గది ప్రతిధ్వని) పోయమంటారు, పాట అక్కడే జారిపోతుంది.

అపోహ: అంతా శాంపిళ్లే.

కాదు. 'టు జయాన్' పాటలో గిటార్ పేరున్న గిటారిస్టు కార్లోస్ సాంటానాది. 'ఎవ్రీథింగ్ ఈజ్ ఎవ్రీథింగ్'లో పియానో వాయించింది తర్వాత పెద్ద గాయకుడైన, అప్పటికి ఇంకా కాలేజీలో ఉన్న జాన్ లెజెండ్. కొంత రికార్డింగ్ జమైకాలోని కింగ్‌స్టన్‌లో, రెగే గాయకుడు బాబ్ మార్లీ పెట్టిన టఫ్ గాంగ్ స్టూడియోలో జరిగింది.

అపోహ: గొంతు అక్కడక్కడా గరుకుగా ఉందంటే మిక్సింగ్ సరిగ్గా కుదరలేదని.

ఇది వింటే నాకు నిజంగా బాధేస్తుంది. కంప్రెసర్లు (గొంతు ఎత్తుపల్లాలను సమం చేసే పరికరాలు) పెట్టి గొంతులోని గరుకుతనం తీసేయడం తనకి ఇష్టం లేదని ఆమే ఇంటర్వ్యూలో చెప్పింది. కావాలనే అలా ఉంచారు. పాడిన టేక్ పూర్తిగా వినకముందే శ్రుతి సరిచేసే ట్యూనింగ్ ప్లగిన్ తెరిచేవాళ్లు ఒక్కసారి ఆ గరుకుని చెవిపెట్టి వినాలి.

అపోహ: గ్రామీ (అమెరికా సంగీత పురస్కారం) ఇచ్చింది ర్యాప్ విభాగంలో.

కాదు. 1999లో ఆమెకి వచ్చిన ఐదు గ్రామీల్లో ఒకటి ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్, అన్ని రకాల సంగీతానికీ కలిపి ఇచ్చేది. హిప్-హాప్ ఆల్బమ్‌కి అది దక్కడం అదే మొదలు.

అపోహ: అంతా ఆమె ఒక్కతే చేసింది.

ఆల్బమ్‌కి పనిచేసిన న్యూ ఆర్క్ అనే బృందంలోని నలుగురు తమకి క్రెడిట్ దక్కలేదని 1998లోనే కేసు వేశారు, 2001లో కోర్టు బయట రాజీ కుదిరింది. ఎవరు ఎంత రాశారో తీర్పు రాలేదు కాబట్టి 'అంతా వాళ్లే చేశారు' అనడం కూడా తప్పే. మీరు మాత్రం బీట్ ఎవరిది, ట్యూన్ ఎవరిది, లిరిక్ ఎవరిది, ఎవరికెంత వాటా అన్నది సెషన్ రోజే కాగితం మీద రాసి సంతకాలు చేసుకోండి, ఫ్రెండ్స్ అయితే ఇంకా ముందే.