చలికాలంలో బెన్ చోంజీ ఎక్కబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

స్కాట్లాండ్ చేరిన తొలి శీతాకాలంలోనే మంచుకొండ ఎక్కాలని ముచ్చటపడుతున్నారట. అక్కడి అన్నిటికంటే ఎత్తైన కొండ బెన్ నెవిస్‌ని ఇప్పుడే తలుచుకోకండి. పెర్త్‌షైర్‌లో కామ్రీ ఊరికి పైన బెన్ చోంజీ ఉంది, అక్కడికి వెళ్ళండి. ఎత్తు 931 మీటర్లు. అక్కడ 3,000 అడుగులు దాటిన కొండల్ని మన్రోలంటారు, మొత్తం 282. 1891లో హ్యూ మన్రో మొదట జాబితా వేశాడు కాబట్టి ఆ పేరు. వాటన్నిటినీ ఎక్కేవాళ్ళలో చాలామంది బెన్ చోంజీని చప్పిడి కొండ కింద తీసిపారేస్తారు. కొనదేలిన శిఖరం లేదు, కత్తి అంచుల్లేవు, పైన బోడిగుండు. వేసవిలో ఆ మాట ఒప్పుకోవచ్చు. చలికాలం నడక నేర్చుకోవడానికి మాత్రం ఇంతకంటే మంచి కొండ దొరకదు. అది మోసం చేసేది కూడా ఆ బోడిగుండు మీదే, ఆ సంగతి కింద రాస్తాను.

గ్లెన్ లెడ్నాక్ లోయలో ఇన్వర్‌గెల్డీ దగ్గర బండి ఆపి నడక మొదలుపెడతారు. రానూ పోనూ పన్నెండున్నర కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు సుమారు 700 మీటర్లు. అలిపిరి నుంచి తిరుమలకు మెట్లెక్కితే రమారమి అంతే ఎక్కుతాం. మన మన్యంలో 1,600 మీటర్లు దాటిన కొండలున్నా వాటి మీద మంచు పేరుకోదు, ఎందుకంటే అవి 18 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాయి. బెన్ చోంజీ ఉన్నది 56 దాటాక. డిసెంబరు చివర్లో అక్కడ పొద్దు పొడిచేది ఎనిమిదీ ముప్పావుకి, కుంకేది మూడున్నర దాటగానే.

అందుకే ముందు కాగితం మీద లెక్క వెయ్యండి. గంటకు 5 కిలోమీటర్లు, పైగా ప్రతి 100 మీటర్ల ఎత్తుకు 10 నిమిషాలు. ఇది 1892 నాటి నైస్మిత్ సూత్రం. నడకకు రెండున్నర గంటలు, ఎత్తుకు 70 నిమిషాలు, వెరసి 3 గంటల 40 నిమిషాలు. మంచులో కాలు దిగబడుతుంది కాబట్టి అందులో సగం కలపండి, ఐదున్నర గంటలైంది. టీ తాగడానికి ఓ అరగంట. చేతిలో ఉన్న వెలుగు ఏడు గంటలు కూడా లేదు. తొమ్మిదికి బయల్దేరి, ఒంటిగంటకి ఎక్కడుంటే అక్కణ్ణించే వెనక్కి తిరగాలి. శిఖరం ఇదిగో, చెయ్యి చాపితే అందేలా ఉంది అనిపించినా సరే.

బట్టల్లో నూలు వద్దు, జీన్స్ అసలే వద్దు. నూలు చెమటని పీల్చి వదలదు, తడిబట్ట ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఒంటికి ఉన్ని గానీ పాలిస్టర్ గానీ, దాని మీద ఫ్లీస్, అన్నిటి మీద వాన ఆగే జాకెట్టూ ప్యాంటూ. ఆగినప్పుడు వేసుకోవడానికి సంచిలో లావుపాటి కోటు ఒకటి. గ్లవ్స్ మూడు జతలు ఉండాలి, ఒక జత తడుస్తుంది, ఒకటి గాలికి ఎగిరిపోతుంది. బయల్దేరేటప్పుడు కాస్త చలేస్తుంటే సరిగ్గా వేసుకున్నట్టే. కింద వెచ్చగా ఉంటే పావుగంటలో చెమట పడుతుంది, పైన ఆ చెమటే చల్లబడి వణికిస్తుంది. పైన -3 డిగ్రీలుండి 50 కిలోమీటర్ల వేగంతో గాలి కొడితే ఒంటికి తగిలేది -12 చలి. బయల్దేరే ముందు కొండల వాతావరణ సూచన చూసుకోండి. ఉష్ణోగ్రత కంటే గాలి వేగమే ముందు చదవాలి.

తిండి విషయంలో అమ్మ పల్లీపట్టీ కట్టిస్తుంది. వద్దనండి, చలికి రాయైపోతుంది, పన్ను విరుగుతుంది. ఖర్జూరాలు, చిన్న చిన్న నువ్వుండలు, ముక్కలుగా కోసిన చపాతీ చుట్టలు జేబులో పెట్టుకోండి. గ్లవ్స్ తియ్యకుండా నోట్లో వేసుకోగలిగినవే పనికొస్తాయి. మనిషికి లీటరు నీళ్ళు, అర లీటరు వేడి టీ. నీళ్ళ సీసాని సంచిలో తలకిందులుగా పెట్టండి. నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి మూత దగ్గర తెరిపిగా ఉంటుంది.

మనకి పొగమంచూ మంచే, గడ్డిమీద మంచూ మంచే. అక్కడ కాలికింద ఉన్నది ఏ మంచో అడుగడుగుకీ చూసుకోవాలి. చీలమండ దాకా దిగితే కొత్త మంచు, అలసటే తప్ప భయం లేదు. బూటుతో గట్టిగా తన్నితే మునివేళ్ళ మేర గాడి పడితే పాతది, అడుగు నిలుస్తుంది. తన్నినా గీత మాత్రమే పడితే ఆగండి. జారాక కాదు, జారకముందే ముళ్ళు తొడగాలి. బాట మీద గడ్డకట్టిన నీటికి రబ్బరు పట్టీల మైక్రోస్పైక్‌లు చాలు. వాలులో గట్టి మంచు ఉంటే బూటుకి బిగించే పెద్ద ఇనుప ముళ్ళు, క్రాంపాన్‌లే కావాలి, మంచు గొడ్డలి, అదే ఐస్ యాక్స్, చేతిలో ఉండాలి. యాక్స్‌తో జారుడు ఆపడం కింద మెత్తటి వాలులో ముందు సాధన చెయ్యకపోతే, అది మోసుకెళ్ళే ఇనుమే. ఇక నాలుగో రకం, గాలి తోసుకొచ్చి పేర్చిన పలక. కాలు పెడితే డొల్లగా మోగుతుంది, చుట్టూ బీటలు పాకుతాయి. వాలు 30 డిగ్రీలు దాటిన చోట అది ఊడి కిందికి జారుతుంది. స్కాట్లాండ్ హిమపాత హెచ్చరికల సంస్థ సూచనలిచ్చే ప్రాంతాల్లో ఈ కొండ లేదు, మీ కళ్ళే చూసుకోవాలి.

ఇక దారి. ఇన్వర్‌గెల్డీ వాగు వెంట ఎక్కిన బండిబాట కుడికి తిరిగి కొండ మీదికి పోతుంది. అది అయిపోయాక కాస్త పైన పాత కంచె తగులుతుంది. అక్కడ ఎడమకి, అంటే వాయవ్యానికి తిరిగి కంచె పట్టుకు నడిస్తే, అది తర్వాత ఈశాన్యానికి వంపు తిరిగి శిఖరం దాకా తీసుకెళ్తుంది. ఇంత సులువా అనిపిస్తుంది. తిప్పలన్నీ దిగేటప్పుడే. మబ్బు కమ్మితే నేలా ఆకాశమూ ఒకే తెలుపు, పల్లమేదో మెరకేదో తెలియదు. మీ అడుగుల్ని గాలి ఎప్పుడో పూడ్చేసి ఉంటుంది. కంచె మాత్రం కనిపిస్తూనే ఉంటుంది, ధైర్యంగా దాన్ని పట్టుకుని నడుస్తూ బాటకి దిగాల్సిన చోటు దాటిపోతారు.

అందుకని ఎక్కేటప్పుడే కంచె తగిలిన చోట రెండు నిమిషాలు ఆగండి. వెనక్కి తిరిగి, బాట ఉన్న వైపు ఎన్ని డిగ్రీలో కంపాస్‌తో చూసి మ్యాపు అంచున రాయండి. అక్కణ్ణించి శిఖరం దాకా ఎడమకాలి అడుగులు లెక్కపెట్టండి. చదును నేల మీద 100 మీటర్లకు పెద్దవాళ్ళకి 65 దాకా పడతాయి, మీకూ మంచులోనూ ఎక్కువే. మీ లెక్క ఎంతో ముందే పార్కులో కొలుచుకోండి. కంపాస్‌ని ఫోను పక్కన ఒకే జేబులో పెట్టొద్దు, ఫోనులోని అయస్కాంతానికి సూది ఉత్తర దక్షిణాలు తారుమారు కావచ్చు. ఫోను లోపలి జేబులో ఒంటికి ఆనుకుని ఉండాలి. చలికి బ్యాటరీ ఉన్నట్టుండి చచ్చిపోతుంది.

శిఖరం మీద తూర్పు వైపు పోకండి. పడమటి గాలి మోసుకొచ్చిన మంచు లాక్ టరెట్ అనే సరస్సు వైపు పెంకుటింటి చూరులా గాలిలోకి పొడుచుకొస్తుంది. పైనుంచి చూస్తే గట్టి నేలలాగే ఉంటుంది. అది విరిగేటప్పుడు కొసన విరగదు, మీరు నేల అనుకున్న చోటికి బాగా వెనకనుంచి విరుగుతుంది.

ఒకరినొకరు గమనించుకోండి. ఎవరైనా తడబడుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, జిప్పు లాక్కోలేకపోతున్నా, ఊరికే విసుక్కుంటున్నా చలి లోపలికి దిగిందన్నమాట. గాలి తగలని చోట కూర్చోబెట్టి పొడిబట్టలు, వేడి టీ, తీపి ఇవ్వండి. చేతులు రుద్దొద్దు. వణుకు ఆగిపోతే తగ్గిందనుకోకండి, ముదిరిందని. వెంటనే అక్కడి అత్యవసర నంబరు 999కి చేసి, పోలీసుల్ని అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. సిగ్నల్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈల, నిమిషం ఆగి మళ్ళీ ఆరు. జవాబుగా మూడు ఊదులు వినిపించినా ఆపొద్దు, మీరెక్కడున్నారో వెతకాలి కదా.

కుందేళ్ళ మాట మరిచిపోయాను. మన పల్లెల్లో చెవులపిల్లి అంటారే, దాని చలిదేశపు చుట్టం ఈ కొండ మీద బోలెడు. చలికాలంలో ఒళ్ళు తెల్లబడుతుంది. మంచు కరిగిన మచ్చల మీద తెల్లగా దొరికిపోతుంది పాపం. అడుగులు గుర్తుపట్టడం తేలిక: ముందు పక్కపక్కన రెండు పొడుగు గుర్తులు, వాటి వెనక ఒకదాని వెనకొకటి రెండు చిన్నవి. ముందున్నవే వెనక కాళ్ళు, గెంతినప్పుడు అవి ముందుకొచ్చి పడతాయి. తరమకండి, చలికాలంలో దానికి ప్రతి పరుగూ తిండిఖర్చే.

వెళ్ళే ముందు ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి దిగుతారో ఇంట్లో రాసిపెట్టి వెళ్ళండి. కామ్రీకి రాగానే ఫోన్ చెయ్యండి. మీరు మరిచిపోయి చేపలూ చిప్సూ తింటూ కూర్చుంటే ఇంట్లోవాళ్ళు 999కి చేసేస్తారు.

మీ తాతయ్య