ఆ పిట్ట వయసెంత?

శరత్కాల వలస అనగానే సెప్టెంబరు, అక్టోబరు నెలలు గుర్తొస్తాయి గానీ, కొన్ని పక్షులకు అది జూన్ ఆఖరులోనే మొదలవుతుంది. ఆర్కిటిక్ టండ్రాలో రాత్రిపూట కూడా సూర్యుడు అస్తమించని రోజులవి. అప్పుడే దక్షిణానికి ప్రయాణం కట్టేస్తాయి.

కర్లూ సాండ్‌పైపర్ సంగతే చూడండి. ఉల్లంకి పిట్టల్లో చిన్నది, ముక్కు పొడుగ్గా కిందికి వంగి ఉంటుంది. సైబీరియా టండ్రాలో గుడ్లు పెట్టి, చలికాలానికి ఆఫ్రికా, దక్షిణాసియా, ఆస్ట్రేలియా తీరాలకు చేరుతుంది. జతకట్టాక మగదానికి అక్కడ పనేమీ ఉండదు. పొదిగేదీ, పిల్లల్ని కాచుకునేదీ ఆడదే. అందుకని మగవి ముందే బయల్దేరతాయి, కొన్ని వారాలకు ఆడవి. గుడ్డులోంచి బయటపడ్డ రోజు నుంచే పిల్లలు తమ తిండి తామే ఏరుకుంటాయి కాబట్టి తల్లి కూడా ఎక్కువకాలం ఆగనక్కర్లేదు. అందరూ వెళ్లిపోయాక, రెక్కలు గట్టిపడ్డ పిల్లలు ఆఖర్న కదులుతాయి. దారి చూపే పెద్దలెవరూ వెంట ఉండరు.

అందుకే ఆగస్టు, సెప్టెంబరుల్లో ఏ బురదమేట మీదో ఈ పిట్ట కనిపిస్తే, పేరు ఒక్కటే రాసుకోవడం సగం సమాచారమే అంటాను. వయసు కూడా రాయాలి. బైనాక్యులర్స్‌తో కాస్త ఓపిగ్గా చూస్తే అది పెద్ద కష్టమేం కాదు. పెద్దదానికి కడుపు మీద వేసవి నాటి ఇటుకరంగు మచ్చలు మచ్చలుగా మిగిలి ఉంటుంది, వీపు ఈకలు అంచులరిగి మాసిపోయి ఉంటాయి. ఆ ఏటి పిల్లకు ఈకలన్నీ ఒకేసారి మొలిచినవి, కొత్తవి. వీపు మీద ప్రతి ఈకకూ తెల్లటి అంచు, ఆ అంచుకు లోపలివైపు సన్నటి ముదురు గీత. చేప పొలుసులు వరసగా పేర్చినట్టుంటుంది. రొమ్ము మీద లేత నారింజ ఛాయ.

ఇలా పిల్లల్నీ పెద్దల్నీ వేరుగా లెక్కపెడితే ఎక్కడో సైబీరియాలో ఎలకల సంగతి తెలుస్తుంది. నిజమే. టండ్రాలో లెమ్మింగ్ అనే ఎలక జాతి ఉంది. వాటి సంఖ్య సుమారు మూడేళ్లకోసారి విపరీతంగా పెరిగి, ఆపైన కుప్పకూలుతుంది. లెమ్మింగులు దండిగా ఉన్న ఏడు ఆర్కిటిక్ నక్కలు వాటితోనే కడుపు నింపుకుంటాయి, పక్షి గూళ్ల జోలికి పెద్దగా పోవు. అవి కరువైన ఏడు గుడ్లమీదా పిల్లలమీదా పడతాయి. ఆ వేసవి ఎలా గడిచిందో వేల కిలోమీటర్ల అవతల శరత్కాలపు గుంపుల్లో బయటపడుతుంది. కొన్నేళ్లు పొలుసుల వీపులు బోలెడు, కొన్నేళ్లు వెతికినా దొరకవు. అయితే పిల్లలు రాకముందే, ఆగస్టు మొదట్లోనే లెక్కపెట్టేసి ఈసారి పిల్లల్లేవని తేల్చేస్తే తప్పవుతుంది.

మరి దారి తెలియని పిల్లలు గమ్యం ఎలా చేరతాయి? దీనికి పాతదే అయినా ఇప్పటికీ సాటిలేని ప్రయోగం ఒకటుంది. గోరింకల కుటుంబానికే చెందిన స్టార్లింగులు శరత్కాలంలో నెదర్లాండ్స్ మీదుగా పోతుంటాయి. పెర్డెక్ అనే డచ్ శాస్త్రవేత్త బృందం వాటిలో 11,000కు పైగా పట్టి, కాళ్లకు రింగులు వేసి, స్విట్జర్లాండ్‌కు తీసుకెళ్లి వదిలింది. పెద్దవి తేడా గ్రహించి, దిశ మార్చుకుని ఎప్పటి శీతాకాలపు చోటు వైపే మళ్లాయి. తొలి ఏటివి మాత్రం పుట్టుకతో వచ్చిన నైరుతి దిక్కునే పట్టుకుని స్పెయిన్ వైపు పోయాయి. 1958లో వెలువడిన ఈ ఫలితం చెప్పేదేమిటంటే, పిల్లకు పుట్టుకతో వచ్చేది దిక్కు. చోటు ఎక్కడుందో తెలిసేది అనుభవంతోనే. తేనెగద్దల్లోనూ ఇదే వరస. స్వీడన్ నుంచి ఉపగ్రహ పరికరాలతో పంపితే పెద్దవి చుట్టూ తిరిగైనా జిబ్రాల్టర్ దగ్గర, సముద్రం అతి సన్నగా ఉన్నచోట దాటాయి. పిల్లలు ఆ చుట్టుదారి పట్టకుండా దక్షిణానికే సాగిపోయాయి.

శరత్కాలంలో ఊహించని చోట వింత పక్షులు కనిపించడానికి ఇదో కారణం. దారితప్పినవాటిలో ఎక్కువ భాగం తొలి ఏటివే. పుట్టుకతో వచ్చిన దిక్కులో ఏ కాస్త తేడా ఉన్నా, పక్కగాలి బలంగా వీచినా, సరిచేసుకునే అనుభవం వాటికి లేదు. ఫొటోలన్నీ వీటికే దక్కుతాయి, ఆ ఉత్సాహం నాకూ అర్థమవుతుంది. కానీ పక్కనే మేస్తున్న నలభై మామూలు ఉల్లంకుల్లో పిల్లలెన్నో రాసిపెట్టిన కాగితానికే నేను ఎక్కువ విలువిస్తాను.

తేదీల విషయంలోనూ ఓ చిక్కుంది. మొదటిసారి కనిపించిన రోజును అందరూ రాసుకుంటారు. ఆఖరుసారి కనిపించిన రోజు, అదే ఆఖరని ఆ రోజున ఎవరికీ తెలియదు గనక, చాలావరకు నమోదు కాదు. దానివల్ల రాకపోకల లెక్కల్లో రాకలే బలంగా ఉంటాయి.

వయసు గుర్తించడానికి ఉన్న వ్యవధి కూడా తక్కువే. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి పిల్లలు వీపు మీది పొలుసుల ఈకలు రాల్చేసి, పెద్దవాటిలాగే సాదా బూడిదరంగులోకి మారుతుంటాయి. రెక్కల మీద మాత్రం కొన్ని పాత ఈకలు, అరిగిన లేత అంచులతో మిగులుతాయి. వాటిని పోల్చుకోవాలంటే పిట్ట దగ్గరగా ఉండాలి, వెలుతురు మన వెనకనుంచి పడాలి.