చలికాలంలో ఒంటరిగా వెనిస్: శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం సాయంత్రం దాకా, అపోహలు – వాస్తవాలు

జర్మనీలోనో ఆస్ట్రియాలోనో చదువుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ ఉన్న మనవాళ్లు వెనిస్‌ను ఎండాకాలానికి వాయిదా వేస్తుంటారు. చలికాలమంటే ఊరు మునిగి ఉంటుందని భయం. నిజానికి జనవరి 6 ఎపిఫనీ పండుగ దాటాక, ముసుగుల ఉత్సవం కార్నివాల్ మొదలయ్యే దాకా ఉన్న ఆ కొద్ది వారాలే ఒంటరి ప్రయాణికులకు మంచివి. గదులు చవక, సందులు ఖాళీ. ఆ రోజుల్లో వారాంతాన్ని పాడుచేసేది నీళ్లు కాదు. కురచ పగలు, వంతెనల మెట్లు, ఆదివారం వేళలు: లెక్కలోకి తీసుకోవలసినవి ఈ మూడూ.

అపోహ: నవంబరు నుంచి ఊరంతా నీళ్లలోనే. రబ్బరు బూట్లు కొనాల్సిందే.

నీళ్లు వీధుల్లోకి వచ్చేది పెద్ద పోటు వేళల్లోనే. పౌర్ణమి, అమావాస్య పోట్ల సంగతి మన కోస్తావాళ్లకు కొత్త కాదు. అక్కడ ఆ పోటుకు ఆడ్రియాటిక్ సముద్రం మీదుగా ఆగ్నేయం నుంచి వీచే సిరాకో గాలి, తక్కువ వాయుపీడనం తోడవుతాయి. అప్పుడు నీరు ఊరి చుట్టూ ఉన్న ఉప్పునీటి మడుగులోకి ఎగదన్నుకొస్తుంది. రెండు నుంచి నాలుగు గంటల్లో తీసేస్తుంది. దీన్ని ఆక్వా ఆల్తా అంటారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎక్కువ. జనవరి, ఫిబ్రవరిల్లో ఒక్కోసారి దీనికి పూర్తిగా తిరగబడి, నీరు బాగా దిగిపోయి, చిన్న కాలువల్లో గొండోలా పడవలు బురదలో కూర్చుంటాయి. 2023 ఫిబ్రవరిలో అదే జరిగింది.

అంకెలు చూసి చాలామంది బెదిరిపోతారు. 1966 నవంబరు 4న 194 సెంటీమీటర్లు, 2019 నవంబరు 12న 187 అని చదివితే మనిషి లోతు నీళ్లు అనిపిస్తుంది. అది వీధిలో లోతు కాదు, 1897 నాటి సగటు సముద్రమట్టాన్ని సున్నాగా పెట్టుకుని కొలిచిన ఎత్తు. ఊళ్లో బాగా పల్లంగా ఉండే సాన్ మార్కో చౌకు సుమారు 80 దగ్గర తడవడం మొదలవుతుంది. అంటే 105 అన్న రోజున అక్కడ ఉండేది పాతిక సెంటీమీటర్ల నీరు. 110 దగ్గర కూడా ఊళ్లో తడిసేది ఎనిమిదో వంతు లోపే.

పైగా 2020 అక్టోబరు 3 నుంచి మోజే అడ్డుగేట్లు పనిచేస్తున్నాయి. సముద్రం నుంచి మడుగులోకి వచ్చే మూడు ముఖద్వారాల్లో 78 ఉక్కు తలుపులు అడుగున పడుకుని ఉంటాయి. పోటు 110 చేరుతుందని అంచనా వస్తే వాటిలోకి గాలి పంపి పైకి లేపుతారు. కాబట్టి ఇప్పుడు మీకు ఎదురయ్యేది 80 నుంచి 110 మధ్య పోటే. ఆ చౌకులోని సాన్ మార్కో బసిలికా (పెద్ద చర్చి) చుట్టూ 2022లో గాజు గోడ కూడా పెట్టారు.

చేయాల్సింది ఇంతే. ‘హై టైడ్ వెనిస్’ యాప్‌లో ముందురోజు రాత్రి అంచనా చూడండి. 80 లోపు ఉంటే ఆ సంగతి మరచిపోండి. దాటితే ఆ రెండు మూడు గంటలు సాన్ మార్కో వైపు కాకుండా కన్నరేజో పేట వైపు తిరగండి. తప్పనిసరైతే చెక్క బల్లల నడకదారుల మీద కుడి పక్కగా నడవండి. ఫొటో కోసం వాటి మీద ఆగితే వెనక వరసంతా ఆగిపోతుంది. వీధుల్లో అమ్మే మోకాలి దాకా వచ్చే ప్లాస్టిక్ తొడుగులు ఆ పూటకు సరిపోతాయి. బూట్లు మోసుకెళ్లక్కర్లేదు.

అపోహ: ఇటలీ కదా, చలి పెద్దగా ఉండదు.

థర్మామీటరు ప్రకారం నిజమే. జనవరిలో పగలు 6–7 డిగ్రీలు, తెల్లవారుజామున సున్నా దగ్గర. మ్యూనిక్ చలి చూసినవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. కానీ ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. నీటి మీద, పడవ రేవుల్లో నిలబడినప్పుడు ఎముకలు కొరుకుతుంది. ఈశాన్యం నుంచి బోరా గాలి లేచిందంటే ఇంకా ఎక్కువ. మందపాటి కోటు ఒక్కటి కాకుండా లోపల ఉన్ని పొర, పైన గాలి చొరని జాకెట్, అదనంగా ఒక జత సాక్సులు ఉండాలి. బూటు అడుగు జారనిదై ఉండాలి. తడిసిన రాతి మెట్ల మీద నున్నటి అడుగున్న స్నీకర్లు జారుతాయి.

చలికన్నా వెలుతురు ముఖ్యం. డిసెంబరు చివర్లో సూర్యోదయం 7:45 దరిదాపుల్లో, అస్తమయం నాలుగున్నరకే. రెండు రోజులకు కలిపి చేతికొచ్చే పగలు పద్దెనిమిది గంటలు కూడా లేదు. బయట చూసేవన్నీ పగటికి, లోపల చూసేవి సాయంత్రానికి పెట్టుకోండి. దోజుల (వెనిస్ పాత పాలకుల) రాజభవనం చలికాలంలో 6 గంటల దాకా తెరిచి ఉంటుంది, చివరి ప్రవేశం 5కి. కాబట్టి అది మూడున్నర తర్వాతి పని. పొద్దున తొమ్మిదికే దాంట్లోకి దూరితే ఉన్న కాస్త వెలుతురూ లోపలే పోతుంది.

అపోహ: శనివారమైనా ఆదివారమైనా ఒకటే.

రియాల్తో చేపల సంత ఆది, సోమవారాల్లో ఉండదు. అది శనివారం పొద్దుటి పని, మధ్యాహ్నానికల్లా సర్దేస్తారు. సాన్ మార్కో బసిలికా ఆదివారం పొద్దున ప్రార్థనలకే. సందర్శకులను రెండు తర్వాత పంపుతారు. ఆదివారం సాయంత్రం రైలున్నవాళ్లు శనివారమే చూసేయడం మంచిది. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి, వీపు సంచి లోపలికి రానివ్వరు. నెలలో మొదటి ఆదివారమైతే అకాదెమియా చిత్రశాల ఉచితం.

అపోహ: దిగగానే 48 గంటల పాస్ కొనాలి.

వపొరెత్తో, అంటే ఊరి పడవ బస్సు. ఒక టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. 24 గంటల పాస్ 25, 48 గంటలది 35. వారాంతం మొత్తంలో రెండుసార్లే ఎక్కితే విడి టికెట్లే చవక, మూడోసారితో 24 గంటల పాస్ గిట్టుబాటవుతుంది. బస్సులు ఆగే పియాట్జాలే రోమా నుంచి సాన్ మార్కోకు నడక ముప్పావు గంట లోపే కాబట్టి చాలామందికి ఒక్క 24 గంటలు చాలు. గడియారం నడిచేది కొన్నప్పటి నుంచి కాదు, రేవులోని యంత్రానికి మొదటిసారి తాకించినప్పటి నుంచి. శనివారం పదింటికి తాకిస్తే ఆదివారం పది దాకా. ఆ లోపల ఒకటో నంబరు పడవలో మహా కాలువ (గ్రాండ్ కెనాల్) పొడవునా ఒకసారి, ఫోందమెంతే నోవే రేవు నుంచి 12వ నంబరులో బురానో దీవికి ఒకసారి వెళ్లిరండి. బురానో ముప్పావు గంట దూరం. చీకటి పడేలోపు తిరిగి పడవెక్కేలా ఒంటిగంటకల్లా అక్కడుండాలి. పాస్ ఉన్నా ఎక్కే ప్రతిసారీ తాకించాలి, లేకపోతే జరిమానా.

మీకు 29 ఏళ్లు దాటకపోతే ఈ లెక్కంతా మారిపోతుంది. 6 యూరోల రోలింగ్ వెనిస్ కార్డు తీసుకుంటే 72 గంటల పాస్ 27కే ఇస్తారు. మొత్తం 33, అంటే పెద్దల 48 గంటల పాస్ కన్నా తక్కువ. విద్యార్థులు దీన్ని అడగకుండా వదిలేయడం చూస్తే బాధేస్తుంది. ధరలు ఏటా మారుతుంటాయి, బయలుదేరే ముందు ఒకసారి సరిచూసుకోండి.

అపోహ: మెస్త్రేలో గది తీసుకుంటే డబ్బు మిగులుతుంది.

మెస్త్రే అంటే నీళ్లకు ఇవతల, నేల మీదున్న వెనిస్ భాగం. వేసవిలో డబ్బు మిగులుతుంది. జనవరిలో దీవి మీది గదులకూ మెస్త్రే గదులకూ తేడా బాగా తగ్గిపోతుంది. మెస్త్రే నుంచి రైలు పది పన్నెండు నిమిషాలే, టికెట్ రెండు యూరోల లోపే. కానీ రోజువారీ గుంపులు వెళ్లిపోయాక, రాత్రి ఎనిమిది తర్వాత దొరికే వెనిస్ మెస్త్రేలో ఉన్నవాళ్లకు అందదు. నా మాట వింటే దీవి మీదే ఉండండి. ఒంటరిగా రాత్రి నడవడానికి భయపడక్కర్లేని ఊరు. జేబు జాగ్రత్త అవసరమయ్యేది పగలు, కిక్కిరిసిన పడవల్లో, స్టేషన్లో.

గది ఎంచుకునేటప్పుడు చిరునామా చూసి మోసపోవద్దు. ‘కన్నరేజో 3500’ అన్నట్టు పేట పేరు, ఒక అంకె మాత్రమే ఉంటాయి, వీధి పేరుండదు. అంకెలు పేట మొత్తానికి వరసగా సాగుతాయి, పక్క సందులోకి తిరిగేసరికి వందలు దాటేస్తాయి. ఇరుకు సందుల్లో జీపీఎస్ కూడా తడబడుతుంది. హోటలువాళ్లను సందు పేరు, దగ్గరి పడవ రేవు, అక్కడి నుంచి ఎన్ని వంతెనలు అని అడిగి రాసుకోండి. ఊళ్లో నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి, దాదాపు అన్నిటికీ మెట్లే. చక్రాల పెట్టె వద్దు, వీపు సంచి చాలు. దారి తప్పితే గోడల మీద ‘పెర్ రియాల్తో’, ‘అల్లా ఫెరోవియా’ అన్న పసుపు పలకలు చూడండి. రెండోది రైలు స్టేషనుకు దారి.

అపోహ: ఒక్కరే అయితే గొండోలా చవక.

గొండోలా ధర పడవకు, మనిషికి కాదు. నగరపాలక సంస్థ నిర్ణయించిన రేటు పగలు అరగంటకు 90 యూరోలు, రాత్రి ఏడు తర్వాత 110. ఐదుగురైనా ఒక్కరైనా అంతే. ఒంటరివాళ్లకు త్రగెత్తో ఉంది. మహా కాలువను అడ్డంగా దాటించే గొండోలా, 2 యూరోలు. రియాల్తో సంత దగ్గర సాంతా సోఫియా రేవులో పొద్దుటిపూట చూడండి.

ఇక ప్రవేశ రుసుము. రోజువారీ సందర్శకులకు 2024లో మొదలైన ఆ రుసుము వసంతం, వేసవి తేదీలకే పెట్టారు. చలికాలంలో అడగలేదు. రాత్రి బసకు హోటలు వసూలు చేసే పన్ను వేరు, అది కట్టాలి.

తిండి విషయంలో శాకాహారులు ‘సెంజా కార్నే, సెంజా పెషే’ అనండి, మాంసం, చేప లేకుండా అని. చిక్కుడుగింజల సూప్‌లో పంది మాంసం పడుతుంది కాబట్టి అది కూడా అడిగే తినాలి. కాఫీని కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర.

అపోహ: ఏ యూరప్ వీసా అయినా చెల్లుతుంది.

జర్మనీ వంటి షెంగెన్ దేశపు నివాస కార్డున్నవాళ్లకు వేరే వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టూ కార్డూ రెండూ వెంట ఉండాలి. బ్రిటన్ విద్యార్థి వీసా మాత్రం ఇక్కడ చెల్లదు. లండన్ నుంచి వచ్చేవాళ్లు విడిగా షెంగెన్ వీసా తీసుకోవాలి.

తిరుగు ప్రయాణానికి పొగమంచును లెక్కలోకి తీసుకోండి. దట్టంగా కమ్మినప్పుడు కొన్ని పడవల దారి మారుస్తారు, కొన్ని ఆపేస్తారు. మార్కో పోలో విమానాశ్రయానికి అలిలగూనా సంస్థ పడవ మామూలు రోజుల్లోనే సాన్ మార్కో నుంచి గంట దాటుతుంది, అందులో వపొరెత్తో పాస్ చెల్లదు. పొగమంచు రోజున నడిచి పియాట్జాలే రోమా చేరి బస్సెక్కండి, అరగంట లోపే. త్రెవీజో అనే ఇంకో విమానాశ్రయం నుంచి విమానమైతే బస్సుకే దాదాపు గంట పెట్టుకోవాలి. మీ టికెట్ మీద ఉన్నది ఏ విమానాశ్రయమో శుక్రవారమే చూసుకోండి.